మూడో పని

అద్దెకున్న ఇంట్లో ఇంకో మనిషిని పడుకోనివ్వాలంటే చేయాల్సిన పనులు మూడు.

ఒకటి... అతని వర్క్ పర్మిట్ కార్డు చూడాలి. జిరాక్స్ కాదు, ఒరిజినల్.

రెండు... దాన్ని పాస్‌పోర్టుతో పోల్చి చూసుకోవాలి.

మూడు... అతను పనిచేసే కంపెనీకి ఫోన్ చేసి, ఈ మనిషి మీవాడేనా అని కనుక్కోవాలి.

మొదటిది చేశాడు జనార్దన్.

రెండోది కుదరలేదు. పాస్‌పోర్టు కంపెనీవాళ్ళ బీరువాలో ఉంది. పనివాళ్ళందరివీ అక్కడే ఉంటాయట.

అందుకని మూడోది మరింత శ్రద్ధగా చేశాడు.

అది నిన్న మధ్యాహ్నం.

ఇప్పుడు... ఇంకా తెల్లవారలేదు... అతని భార్య కల్పన భుజం పట్టుకుని ఊపుతోంది. బియ్యం కడిగిన చేతులు. చల్లగా, తడిగా ఉన్నాయి.

"లేవండి. కింద వ్యాన్ ఆగింది."

"ఆగితే ఏం?"

"లేచి చూడండి."

వంటింటి కిటికీ. లైటు ఆర్పేసి ఉంది. కింద కార్ పార్కులో తెల్ల వ్యాను, దాని పక్కన ఇద్దరు మనుషులు. ఒకడు లావుగా ఉన్నాడు. రెండోవాడు సన్నగా, టై కట్టుకుని ఉన్నాడు. ఆ సన్నటివాడు తలెత్తి అంతస్తులు లెక్కపెడుతున్నాడు.

వేలు పైకి లేస్తోంది... ఇంకా పైకి...

వాళ్ళ కిటికీ దగ్గర ఆగింది!

జనార్దన్ గభాలున కిందికి వంగిపోయాడు. ఎందుకు వంగాడో అతనికే తెలియదు. అతనేం తప్పు చేశాడు?

హాల్లో చాప మీద సింహాచలం కూర్చుని ఉన్నాడు. బూట్లు వేసుకునే ఉన్నాడు. చిన్న సంచీ ఒళ్ళో ఉంది. రాత్రంతా అలాగే కూర్చున్నట్టున్నాడు.

"వచ్చీసినారా?" అని మాత్రం అడిగాడు.

సింహాచలం కల్పన వాళ్ళ ఊరివాడు. విజయనగరం అవతల. వరసకి అన్నయ్య. సెంబవాంగ్ షిప్‌యార్డులో ఓడల మీద పని. మొన్న సాయంత్రం తడిసిన బట్టలతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. డార్మిటరీలో ఏదో గొడవ, రెండు రోజులు పడుకోనివ్వమన్నాడు. కల్పన మారు మాట్లాడకుండా అన్నం పెట్టింది.

జనార్దన్‌కి మాత్రం నిద్ర పట్టలేదు.

వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి అతనే. హాల్ టికెట్ వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న నియమాలు కూడా చదివే మనిషి. కంప్యూటర్ల వై-టూ-కే హడావుడి పుణ్యమా అని సింగపూర్ వచ్చాడు. ఇప్పుడు జురాంగ్ ఈస్ట్‌లో డాట్‌కామ్ కంపెనీ. యీషున్‌లో ఈ ఫ్లాటు. నాలుగు నెలల్లో బిడ్డ.

వేలెడంత దేశం. నిలబడడానికే చోటు వెతుక్కోవాలి. ఎవరు లోపలున్నారు, ఎవరు బయటికి పోవాలి అన్న లెక్క తప్పితే ఎలా? దొంగతనంగా ఉండేవాణ్ణి పంపేస్తారు. వాణ్ణి ఇంట్లో దాచినవాణ్ణి జైల్లో పెడతారు. అందులో తప్పేముందని జనార్దన్ ఎప్పుడూ అనుకునేవాడు.



కల్పన అతని చేతిలో చొక్కా పెట్టింది. అన్నయ్యని పనివాళ్ళ కేసులు చూసే మినిస్ట్రీ ఆఫీసుకి తీసుకెళ్ళమంది. ఈ పొద్దుటే రమ్మన్నారట. రాత్రి మీరు ఆలస్యంగా వచ్చారు, చెప్పడానికి కుదరలేదంది.

"ఎందుకు రమ్మన్నారు?"

"దారిలో అన్నయ్య చెప్తాడు. నడవండి."

"నువ్వు?"

"నేను తలుపు తీస్తాను."

లిఫ్ట్ మూలుగుతోంది. పైకి వస్తోంది!

అదృష్టం... ఆ లిఫ్ట్ వీళ్ళ అంతస్తులో ఆగదు. పై అంతస్తులో ఆగుతుంది. అక్కణ్ణుంచి మెట్లు దిగి రావాలి. ఆ కాస్త వ్యవధే ఉంది చేతిలో.

వరండా పొడుగునా పరుగు. పక్కింటివాళ్ళ కుండీలు, సైకిలు. సింహాచలం బూట్లు టకటకమంటున్నాయి. ఆ చప్పుడికి బ్లాకంతా లేచేలా ఉంది.

వరండా చివర మెట్లు. సగం దిగి ఇద్దరూ గోడకి ఆనుకున్నారు.

పైన ఇనుప గేటు తట్టిన చప్పుడు.

"జనార్దన్ సార్ ఉన్నడా అక్కా? కంపెనీ తరఫున వచ్చినం."

తెలుగు!

 తెలుగువాడు. జనార్దన్ పేరు తెలిసినవాడు.

గేటు గొళ్ళెం తీసిన చప్పుడు. కల్పన గొంతు... నిదానంగా, ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు.

"రండి. బూట్లు బయట విప్పండి. ఎదురుగానే దేవుడి గది."



"అయ్యో... సారీ అక్కా. చూసుకోలె."

సింహాచలం మెల్లిగా తల బయటపెట్టి చూశాడు. వెనక్కి తిరిగి జనార్దన్ చెవిలో గుసగుసలాడాడు. నమ్మలేనట్టుంది ముఖం.

"లేసులు ఇప్పుతున్నాడు బావగోరూ."

లావుపాటివాడు ఇంగ్లీషులో ఏదో కసిరాడు. బూట్లతోనే లోపలికి దూసుకుపోయాడు. గిన్నె ఏదో దొర్లింది. ఇంకేం వినలేదు. మెట్లు... మెట్లు... మెట్లు... మలుపు తిరిగిన ప్రతిచోటా గోడకి భుజం కొట్టుకుంటోంది.

కింద ఎవరూ లేరు. కాంక్రీటు స్తంభాల మధ్య నుంచి పరుగు. వ్యాను పక్కనుంచే పోవాలి. తలుపు సగం తెరిచి ఉంది.

సింహాచలం ఠక్కున ఆగిపోయాడు.

వెనక సీటు మీద నీలం సూట్‌కేసు. పగిలిన మూలకి తాడు చుట్టి ఉంది.

"అది నాదే."

డార్మిటరీలో మంచం కింద వదిలేసి వచ్చిన సూట్‌కేసు. ఎవరో సర్దేశారు. తాళం కూడా వేశారు. పిడికి మద్రాసు విమానం చీటీ వేలాడుతోంది.

మనిషొక్కడే తక్కువ!

"పద!" అని లాగాడు జనార్దన్.

యీషున్ స్టేషన్. ఎస్కలేటర్. ప్లాట్‌ఫాం మీద పొద్దుటి డ్యూటీవాళ్ళు ఆవులిస్తున్నారు. రైలు వచ్చింది. ఎక్కారు. తలుపులు మూసుకుంటున్నాయని గంట మోగింది. జనార్దన్ కళ్ళు ఎస్కలేటర్ మీదే ఉన్నాయి.

ఎవరూ రాలేదు.

తలుపులు మూసుకున్నాయి.

అప్పుడు ఊపిరి వదిలాడు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి. ఇప్పుడే చూసుకున్నాడు.

"చెప్పు. ఏం చేశావు?"

"నానేటీ సెయ్యలేదు బావగోరూ," అన్నాడు సింహాచలం. "సూశాను. అంతే."

చెప్పాడు. రైలు చప్పుడులో, తల వంచుకుని చెప్పాడు.

ఓడ అడుగున ఇనుప ట్యాంకు ఉంటుంది. లోపలికి దిగడానికి ఒకటే కన్నం. లోపల రంగు వేసేవాడొకడు, కన్నం దగ్గర కూర్చుని వాణ్ణి కనిపెట్టుకుని ఉండేవాడొకడు. రంగు వేసేవాడు రాజారావు. పలాసవాడు. కనిపెట్టుకుని ఉండేవాడు సింహాచలం. లోపల గాలి మంచిదో కాదో మిషను పెట్టి చూసే మనిషి రావాలి. ఆ తర్వాతే దిగాలి. ఆ రోజు ఆ మనిషి రాలేదు. ఓడ వెళ్ళిపోయే తొందర. సూపర్‌వైజర్ దిగిపొమ్మన్నాడు.

రాజారావు దిగాడు.

"పాట పాడతాడండి ఆడు. లోపల గొంతు గంటలాగ మోగుతాది. పాట ఆగిపోనాది. పిలిసేను. మరి పలకలేదు."

తను దూకబోతే నలుగురు పట్టుకుని ఆపారట.

కంపెనీ ఏం చెప్పిందంటే... వాడే దిగాడు. ఎవరూ దిగమనలేదు. వాడిదే తప్పు. పలాసలో అంకమ్మకి, అంటే రాజారావు పెళ్ళానికి, అలాగే కబురు పెట్టారు. నీ మొగుడు చెప్పిన మాట వినక చచ్చిపోయాడని.

దిగమన్న మాట విన్నది ఇద్దరే. ఒకడు పోయాడు. రెండోవాడు ఈ పొద్దుట మినిస్ట్రీలో ఆ మాట చెప్పాలి.

రెండోవాణ్ణి విమానం ఎక్కించేస్తే?

చెప్పేవాడే ఉండడు!

"ఒకపాలి ఆపీసులో మాట సెప్పీసేనంటే ఆలే ఉండమంటారు. అందాకా దొరక్కూడదు. నాను ఎక్కడున్నానో ఒక్కడికీ సెప్పలేదు బావగోరూ. మీ ఇల్లు ఆలకెలా తెలిసిపోయిందో ఏటో."

జనార్దన్ తప్పిన గుండీలు విప్పి మళ్ళీ పెట్టుకోసాగాడు.

నిన్న మధ్యాహ్నం. ఆఫీసు ఫోను. అవతల ఎంతో మర్యాదైన ఆడగొంతు. అవును సార్, మావాడే సార్, చాలా మంచి వర్కర్ సార్. మీ దగ్గరున్నాడా? అడ్రసు చెప్తారా సార్, రికార్డు కోసం?

చెప్పాడు.

బ్లాకు చెప్పాడు. వీధి చెప్పాడు. ఫ్లాటు నంబరు రెండుసార్లు చెప్పాడు, ఆవిడ సరిగ్గా రాసుకుందో లేదోనని. ఫోను పెట్టేసి, పద్ధతిగా చేశానని తృప్తిపడ్డాడు.

చెప్పెయ్యాలి. ఇప్పుడే చెప్పెయ్యాలి. సింహాచలం, అది నేనే...

నోరు తెరిచాడు.

 అప్పుడే పక్క పెట్టె నుంచి ఒక మనిషి నడిచి వస్తున్నాడు. సన్నటివాడు, టై కట్టుకున్నవాడు. రాడ్లు పట్టుకుంటూ, తాపీగా వస్తున్నాడు.

కాళ్ళకి బూట్లు లేవు.

వాన నీళ్ళకి తడిసిన మేజోళ్ళు!

అవతలి మెట్ల మీంచి వచ్చి చివరి పెట్టెలో ఎక్కేశాడన్నమాట. ఖాతిబ్ దాటిపోయింది. తర్వాతి స్టేషన్ దూరం. అద్దాల బయట చీకటి, చెరువు నీళ్ళు. దిగడానికి చోటు లేదు. పారిపోవడానికి దారి లేదు.

అతను వచ్చి జనార్దన్ పక్కనే కూర్చున్నాడు. కాళ్ళు ముందుకి చాపి మేజోళ్ళు చూసుకున్నాడు.

"కొత్త బూట్లన్నా. మీ ఇంటి ముంగటనే ఉన్నయ్. అక్క మంచిగ దెబ్బేసింది." నవ్వాడు. "నా పేరు అనిల్‌కుమార్. మాది జగిత్యాల. నాది గూడ డ్యూటీనే. కంపెనీలోల్లు ఫలానోన్ని ఇంటికి పంపియ్యిమంటే ఎయిర్‌పోర్టుల దింపి వస్త."

"నువ్వు పోలీసు కాదు," అన్నాడు జనార్దన్. 

"కాదు. నేను పోలీసుకు ఫోన్ చేసేటోన్ని." చొక్కా జేబులోంచి సెల్‌ఫోన్ తీసి తొడ మీద పెట్టుకున్నాడు. "నిన్న పొద్దుగాల దాంక వీడు మంచోడే. పర్మిటున్నోడే. నువ్వు ఫోన్ చేసినవ్. సాయంత్రం పర్మిట్ క్యాన్సిలయింది. గిప్పుడు వీడు ఇల్లీగల్. ఎవలింట్ల ఉన్నడు? మీ ఇంట్ల."

నువ్వు ఫోన్ చేసినవ్.

సింహాచలం తల తిప్పాడు. జనార్దన్ ముఖంలోకి చూశాడు. తిట్టలేదు.  చూశాడంతే.

దానికన్నా తిడితే బాగుండును!

"థాంక్సన్నా," అన్నాడు అనిల్‌కుమార్, నిజంగానే కృతజ్ఞత ఉన్నట్టు. "లేకుంటే ఊరంతా తిరుగుతుంటి." తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. వచ్చే స్టేషన్లో వీడు దిగితే చాలు. ఫోన్‌లో చెప్పాను, కింద వ్యాను ఉంటుంది. నువ్వు రైల్లోనే ఉండు, ఆఫీసుకి పో. నీ పేరు ఎక్కడా రాదు. లేదంటే ఒక్క ఫోను. జైలు. ఇక్కడ ఉద్యోగం చేసుకునే పాస్ పోతుంది. అక్క ఒంటరిగా కాన్పుకి... మిగతాది చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

రైలు నెమ్మదించింది. యో చూ కాంగ్.

తలుపులు తెరుచుకున్నాయి.

ప్లాట్‌ఫాం మీద లావుపాటివాడు నిలబడి ఉన్నాడు. సరిగ్గా ఆ తలుపు ఎదురుగా!

జనార్దన్ కదల్లేదు.  సింహాచలమే లేచాడు. సంచీ భుజాన వేసుకున్నాడు.

"సెల్లి కడుపుతో ఉంది బావగోరూ. మీరు రాకండి."

దిగిపోయాడు.

లావుపాటివాడు అతని మోచేయి పట్టుకున్నాడు. మెత్తగా, ఆస్పత్రి నుంచి రోగిని ఇంటికి తీసుకెళ్తున్నట్టు. రెండో మోచేయి అనిల్‌కుమార్ పట్టుకున్నాడు. చుట్టూ జనం. ఎవరూ చూడడం లేదు. చూడడానికి ఏముంది? ముగ్గురు మనుషులు ఎస్కలేటర్ వైపు నడుస్తున్నారు. అంతే.

గంట మోగింది. తలుపులు మూసుకోబోతున్నాయి.

జైలు. పాస్. బిడ్డ.

నీ మొగుడు మాట వినక చచ్చిపోయాడు...

దూకాడు!

తలుపు రెక్క వీపుని రాసుకుంటూ మూసుకుంది. ఎదురుగా స్తంభానికి ఎర్ర బటన్ ఉంది. ప్రమాదంలో తప్ప నొక్కరాదు. ఊరికే నొక్కితే ఫైన్. ఆ బోర్డు అతను రోజూ చదువుతాడు. ఏ రంగు అక్షరాలో కూడా తెలుసు.

పిడికిలితో గుద్దాడు.

కదలబోయిన రైలు కుదుపుతో ఆగిపోయింది! ఎక్కడో బజర్ మోత. ప్లాట్‌ఫాం మీద ఉన్న ప్రతి తలా ఇటు తిరిగింది.

ఆ ముగ్గురూ ఆగిపోయారు.

స్టేషన్ ఉద్యోగి పరిగెత్తుకుంటూ వచ్చాడు. నెరిసిన జుట్టు, చేతిలో వైర్‌లెస్.

"అయ్యో, వై యూ ప్రెస్? హూ ఫాల్ డౌన్?"

ఎవరూ పడలేదు. జనార్దన్ గొంతు సవరించుకున్నాడు. ఇంటర్వ్యూలో చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి ఇంగ్లీషులో చెప్పాడు. ఆ సంచీ వేసుకున్న మనిషికి పర్మిట్ లేదు. అతను ఇల్లీగల్. అతన్ని ఇంట్లో దాచింది నేను. మా ఇద్దర్నీ అరెస్టు చేయాలి. పోలీసుల్ని పిలవండి.

స్టేషన్ ఉద్యోగి వైర్‌లెస్ నోటి దగ్గర పెట్టుకున్నాడు. 

అనిల్‌కుమార్ రెండంగల్లో దగ్గరికొచ్చాడు. నవ్వు లేదిప్పుడు.

"పిచ్చి లేసిందానే నీకు? జైలుకు పోతవ్."

"పోలీసులకి ఫోన్ చేస్తానన్నావుగా," అన్నాడు జనార్దన్.   "నీకెందుకు శ్రమ."

అనిల్‌కుమార్ అతన్ని చూశాడు. వైర్‌లెస్‌లో మాట్లాడుతున్న ముసలాయన్ని చూశాడు. ఒక్కసారి లెక్క వేసుకున్నట్టున్నాడు. పోలీసులు పట్టుకున్నవాడిని పోలీసులే ప్రశ్నలడుగుతారు. ఎందుకు పారిపోయావంటారు. వాడు చెప్తాడు. అదంతా రాసుకుంటారు.

విమానం వెళ్ళిపోతుంది.

లావుపాటివాడు సింహాచలం మోచేయి వదిలేశాడు. వేడి గిన్నె వదిలినట్టు వదిలాడు.

ఇద్దరూ ఎస్కలేటర్ దిగి వెళ్ళిపోయారు. ప్లాట్‌ఫాం మీద తడి మేజోళ్ళ అచ్చులు మాత్రం మిగిలాయి. వరసగా, ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి.

పోలీసు కారు. వెనక సీటు. చేతులకి బేడీలు. జీవితంలో మొదటిసారి. బయట తెల్లవారుతోంది. స్కూలు పిల్లలు రోడ్డు దాటుతున్నారు.

సింహాచలం అడిగాడు.

"ఫోన్ సేసినారేటి?"

"చేశాను." జనార్దన్ అద్దంలోంచి బయటికే చూస్తున్నాడు. "తప్పయిపోయింది."

"ఏటన్నారు నా గురించి?"

"చాలా మంచి వర్కర్ అన్నారు."



"నా మొకం మీద ఒక్కపాలీ అన్లేదు," అన్నాడు సింహాచలం. అని, ఆ పొద్దుట మొదటిసారి నవ్వాడు.

పోలీసు స్టేషన్లో ముందు జనార్దన్‌ని అడిగారు. కుర్ర ఆఫీసరు. ఎదురుగా కాగితం. పర్మిట్ ఒరిజినల్ చూశావా? చూశాను. పాస్‌పోర్టు చూశావా? కంపెనీ దగ్గరుంది. కంపెనీకి ఫోన్ చేసి కనుక్కున్నావా?

"కనుక్కున్నాను."

"గుడ్," అన్నాడు ఆఫీసరు, టిక్కు పెడుతూ.

మెచ్చుకోలు చెంపదెబ్బలా తగలడం జనార్దన్‌కి అప్పుడే తెలిసింది.

తర్వాత సింహాచలం వంతు. తెలుగు తెలిసినవాళ్ళు ఎవరూ దొరకలేదు. జనార్దన్‌నే చెప్పమన్నారు. ఆఫీసరు మొదటి ప్రశ్న అడిగాడు. నీ పేరేమిటి?

సింహాచలం కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"ముందు ఆడి పేరు రాయమనండి బావగోరూ. నాది తరవాత."

"రాజారావు," అని చెప్పాడు జనార్దన్.

ఆఫీసరు పర్మిట్ కార్డు చూశాడు. తలెత్తాడు. ఇది ఇతని పేరు కాదే అన్నాడు.

"కాదు సార్. ఇది రాసుకోండి. ఇతను చెప్పాల్సింది ఇక్కడే మొదలవుతుంది."

గోడ మీద గడియారం కింద కిటికీ ఉంది. కిటికీలో తెల్లటి గీత గీసుకుంటూ ఒక విమానం పడమటికి పోతోంది. మద్రాసుదేనేమో. అందులో ఒక సీటు ఖాళీ.

ఆఫీసరు కలం ఒక్క క్షణం గాల్లో ఆగింది...

కాగితం మీద వాలింది.

రేపు జనార్దన్‌కి పాస్ ఉంటుందో పోతుందో ఎవరికీ తెలియదు. సింహాచలాన్ని ఎన్నాళ్ళు ఉండనిస్తారో, ఎప్పుడు పంపిస్తారో అదీ తెలియదు. వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు. వాళ్ళకి నోరుంది.

మీరు ఎప్పుడైనా ఆ రైలెక్కి, తర్వాతి స్టేషన్ సెంబవాంగ్ అన్న మాట వింటే... ఒక్క క్షణం రాజారావుని తలుచుకోండి. పలాసవాడు. ట్యాంకులో పాట పాడేవాడు. దిగమంటేనే దిగాడు.

అది మాత్రం గుర్తుపెట్టుకోండి. దిగమంటేనే దిగాడు.